ఏడుపు సీరియళ్ళూ, ఎగిరే ఓడలూ

టీవీ సీరియళ్ళంటే ఇష్టమని నలుగురిలో చెప్పుకోవడానికి ఆడవాళ్ళం ఇప్పటికీ కాస్త జంకుతాం. మగవాళ్ళు ఐదురోజుల టెస్టు మ్యాచి కదలకుండా కూర్చుని చూస్తే అది అభిరుచి. మనం అరగంట సీరియల్ చూస్తే అది కాలక్షేపం. పోనీ సీరియళ్ళన్నీ ఒకటేనా అంటే, వాటిలోనూ తరతమాలున్నాయి. అత్తాకోడళ్ళ కథ చూస్తున్నామంటే ముసిముసిగా నవ్వుతారు. అంతరిక్ష నౌకలూ, మరమనుషులూ ఉన్న ఇంగ్లీషు సీరియల్ చూస్తున్నామంటే "ఇవి కూడా నీకు అర్థమవుతాయా?" అని కళ్ళు పెద్దవి చేస్తారు. మొదటిది ఆడవాళ్ళ సరుకుట, రెండోది మగవాళ్ళ సరుకుట!

నాకు రెండూ ఇష్టమే. దాచుకోవడం దేనికి? బడ్కీ పెళ్ళి కోసం ఎంత ఆత్రంగా ఎదురుచూశానో, మిస్టర్ స్పాక్ కనుబొమ ఎగరేస్తే అంత సంబరంగానూ చూశాను. ఇన్నేళ్ళుగా చూసీ చూసీ, వాటి పుట్టుపూర్వోత్తరాలు చదివీ చదివీ నాకు తేలిందేమిటంటే, ఈ రెండు రకాల సీరియళ్ళూ తోడబుట్టిన అక్కచెల్లెళ్ళు. ఇద్దరినీ ఎత్తుకుని పెంచినవాళ్ళలో ఆడవాళ్ళ చేతులు చాలా ఉన్నాయి. ఊరికే అనడం లేదు. తేదీలతో సహా చెబుతాను, వినండి.

ముందు అక్క కథ. 1930లో, అమెరికాలో చికాగో నగరంలో, ఇర్నా ఫిలిప్స్ అనే ఆవిడ రేడియోకి ఒక ధారావాహిక నాటకం రాసింది. పేరు 'పెయింటెడ్ డ్రీమ్స్'. పదిమంది పిల్లల్లో ఆఖరిదిగా పుట్టి, కొన్నాళ్ళు పంతులమ్మగా పనిచేసి రేడియోలోకి వచ్చిన మనిషి ఈవిడ. కథలో రాజులూ లేరు, దొంగలూ లేరు. ఒక తల్లి, ఎదిగిన కూతురు, వాళ్ళ ఇల్లు, వాళ్ళ కష్టసుఖాలు. అంతే. పొద్దున్న పనులు చేసుకుంటూ వినే గృహిణుల కోసం రాసిన కథ అది. ఆ వేళప్పుడు ఇళ్ళల్లో వినేది ఆడవాళ్ళే గనక, ఇలాంటి నాటకాల వెనక సబ్బుల కంపెనీలు వచ్చి చేరాయి. అంచేతనే వాటికి 'సోప్ ఒపేరా' అని పేరొచ్చింది. సబ్బు సంగీత నాటకం అన్నమాట! వెక్కిరింపుగా పెట్టిన పేరే అయినా, వెక్కిరించినవాళ్ళ పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. సోప్ ఒపేరా మాత్రం ప్రపంచమంతా పాకింది.

ఇర్నా ఫిలిప్స్ రాసే పద్ధతి కూడా చిత్రమైనదే. గదిలో అటూ ఇటూ తిరుగుతూ, పాత్రల గొంతులన్నీ తనే మార్చి మార్చి పలుకుతూ చెబుతుంటే సెక్రటరీ రాసుకునేదట. పెళ్ళి చేసుకోలేదు. ఇద్దరు పిల్లల్ని పెంచుకుంది. కుటుంబాల గురించి నలభై ఏళ్ళపాటు ఊరిస్తూ, ఏడిపిస్తూ రాసింది. ఆవిడ 1937లో రేడియోలో మొదలుపెట్టిన 'గైడింగ్ లైట్' 1952లో టీవీకి మారి, 2009 సెప్టెంబరు దాకా నడిచింది. డెబ్బై రెండేళ్ళు! అమ్మమ్మ మొదలుపెడితే మనవరాలు ముగింపు చూసిందన్నమాట. మన సీరియళ్ళు వెయ్యి భాగాలు దాటితే ముక్కున వేలేసుకుంటాం గానీ, వాళ్ళ ముందు మనమెంత?

1956 ఏప్రిల్‌లో ఆవిడే టీవీకి 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' మొదలుపెట్టింది. అంతవరకూ ఇలాంటి నాటకాలు పావుగంట మాత్రమే ఉండేవి. ఆవిడ అరగంట చేసింది. ఆ అరగంటలో ఏం జరిగేదనుకున్నారు? చాలా రోజులు ఏమీ జరిగేది కాదు. ఇద్దరు మనుషులు వంటింట్లో కాఫీ తాగుతూ మూడోమనిషి గురించి మాట్లాడుకునేవారు. కానీ ఆ మాటల్లోనే ఎవరి మనసు ఎటు తిరుగుతోందో చూసేవాళ్ళకి తెలిసిపోయేది. సంఘటన కాదు, మనిషి ముఖ్యం అన్నది ఆవిడ సూత్రం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

ఇక్కడే చరిత్ర ఒక విచిత్రం చేసింది. 1963 నవంబరు 22, శుక్రవారం మధ్యాహ్నం. అమెరికాలో లక్షలాది గృహిణులు 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' చూస్తున్నారు. నటీనటులు అప్పటికప్పుడు నటిస్తుంటే ప్రసారమయ్యే కాలం అది. నడుస్తున్న సీను మధ్యలో ఆగిపోయి వార్త వినబడింది, ప్రెసిడెంట్ కెనడీ మీద కాల్పులు జరిగాయని. సరిగ్గా మర్నాడు, శనివారం సాయంత్రం, ప్రపంచమంతా ఆ విషాదంలో ఉండగానే, లండన్‌లో బీబీసీ ఒక కొత్త సీరియల్ మొదలుపెట్టింది. దాని పేరు 'డాక్టర్ హూ'. అక్క నోట మాట ఆగిన మర్నాడే చెల్లెలు నోరు విప్పిందన్నమాట.

డాక్టర్ హూ అంటే కాలంలో ముందుకీ వెనక్కీ ప్రయాణం చేసే ఒక వింత మనిషి కథ. ఆయన వాహనం బయటికి చూస్తే లండన్ వీధుల్లో ఉండే పోలీసు పెట్టె. లోపలికెడితే విశాలమైన ఇల్లు. దీన్ని నిర్మించినావిడ వెరిటీ లాంబర్ట్. అప్పటికామెకి నిండా ఇరవై ఎనిమిదేళ్ళు లేవు. బీబీసీ నాటక విభాగంలో అప్పుడు నిర్మాతగా ఉన్న స్త్రీ ఆవిడొక్కతే. మొదటి కథకి దర్శకుడెవరనుకున్నారు? మన లక్నోలో పుట్టిన వారిస్ హుసేన్. 'సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్' నవల రాసిన అతియా హుసేన్ కొడుకు. ఒక పడుచుపిల్ల, ఒక భారతీయ కుర్రాడు. ఉద్దండపిండాలున్న బీబీసీలో ఈ ఇద్దరికీ అప్పజెప్పిన సీరియల్ ఎన్నాళ్ళుంటుందిలే అని పెదవి విరిచినవాళ్ళు లేకపోలేదు. అరవై ఏళ్ళు దాటినా ఆ పేరు బతికే ఉంది.

ఆ సీరియల్‌కి ఒళ్ళు జలదరించే ప్రారంభ సంగీతం ఒకటుంది. బాణీ కట్టింది రాన్ గ్రేనర్ అనే సంగీతకారుడు. కానీ ఆ బాణీని ఈ లోకానిది కాని ధ్వనిగా మార్చింది డీలియా డెర్బీషైర్. సింథసైజర్లు రాని రోజులు. ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా టేపు మీద రికార్డు చేసి, ఆ టేపుని కత్తిరించి, ముక్కలు ముక్కలుగా అతికి, పూలదండ గుచ్చినట్టు గుచ్చింది. ఆ బాణీ తన చేతికొచ్చేసరికి గ్రేనరే నివ్వెరపోయాడట. అయినా సీరియల్‌లో ఆవిడ పేరు తెరమీద పడింది ఎప్పుడనుకున్నారు? 2013లో, యాభయ్యేళ్ళ పండగ నాడు. అప్పటికి ఆవిడ పోయి పన్నెండేళ్ళయింది. వంట ఒకరిది, వడ్డన మరొకరిది అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంతకీ మొదటి కథలో ఉన్నదెవరు? ఒక తాత, ఆయన మనవరాలు, ఆ పిల్ల ఏదో దాస్తోందని అనుమానించి ఇంటిదాకా వెంబడించిన ఇద్దరు టీచర్లు. చూశారా? కాలయంత్రం పక్కన పెడితే, ఇది శుద్ధమైన ఇంటి కథ.

ఇప్పుడు అమెరికాకి పోదాం. అక్కడ లూసిల్ బాల్ అనే హాస్యనటి 1951లో భర్త డెసీ ఆర్నాజ్‌తో కలిసి 'ఐ లవ్ లూసీ' మొదలుపెట్టింది. రెండో ఏడాది ఆవిడ నిజంగానే గర్భవతి అయింది. కథలోనూ లూసీకి నెల తప్పినట్టు పెట్టారు. కానీ 'ప్రెగ్నెంట్' అనే మాట టీవీలో పలకడానికి వీల్లేదన్నారు. మన పెద్దవాళ్ళు 'నీళ్ళోసుకుంది' అన్నట్టు, వాళ్ళు కూడా చాటుమాట వెతుక్కోవలసొచ్చింది. 1953 జనవరి 19న కథలో లూసీకి కొడుకు పుట్టాడు. అదే రోజు బయట ఆవిడకీ కొడుకే పుట్టాడు! ఆ భాగాన్ని దాదాపు 4 కోట్ల 40 లక్షలమంది చూశారు. మర్నాడు ఐజెన్‌హోవర్ ప్రెసిడెంటుగా ప్రమాణం చేస్తే చూసినవాళ్ళు అంతకంటే తక్కువ.

ఇదంతా అంతరిక్షానికి ఎలా సంబంధం అంటారా? వస్తున్నా. ఆ భార్యాభర్తలు 1960లో విడిపోయారు. 1962లో లూసిల్ బాల్ మాజీ భర్త వాటా కొనేసి, 'డెసిలూ' స్టూడియోకి తనే అధిపతి అయింది. అంత పెద్ద స్టూడియోని ఏలిన ఆడది అంతవరకూ హాలీవుడ్ టీవీలో లేదు. ఆ స్టూడియోకి జీన్ రాడెన్‌బెర్రీ అనే ఆయన ఒక అంతరిక్ష కథ పట్టుకొచ్చాడు. ఖర్చు మోయలేమని స్టూడియో పెద్దలు వద్దన్నారు. లూసిల్ బాల్ కానివ్వమంది. నమూనాగా తీసిన మొదటి భాగాన్ని ఎన్‌బీసీ తిప్పికొట్టింది. ఇంకొకటి తీయమంది. రెండోది తీశారు. అలా 1966 సెప్టెంబరు 8న 'స్టార్ ట్రెక్' వచ్చింది. అమెరికాని నవ్వించిన గృహిణి లూసీ లేకపోతే, ఎంటర్‌ప్రైజ్ నౌక నేల విడిచేది కాదు.

ఆ సీరియల్‌కి డి.సి. ఫోంటానా పేరుతో ఎన్నో కథలొచ్చాయి. 'డి.సి.'లో డి అంటే డొరతీ. ఆడపిల్ల రాసిందని తెలిస్తే పక్కన పడేస్తారేమోనని పొడి అక్షరాల చాటున దాక్కుంది. రాడెన్‌బెర్రీ దగ్గర సెక్రటరీగా చేరిన ఆ పిల్లే, స్టార్ ట్రెక్ కథల ఎడిటరయింది. ఆవిడ రాసిన 'జర్నీ టు బేబెల్' 1967 నవంబరులో వచ్చింది. నన్నడిగితే స్టార్ ట్రెక్‌లో అన్నిటికన్నా మంచి కథ అదే. స్పాక్ తండ్రి గ్రహాంతరవాసి. తల్లి మన భూలోకపు మనిషి. తండ్రి చెప్పిన చదువు కాదని కొడుకు వేరే ఉద్యోగంలో చేరాడని పద్ధెనిమిదేళ్ళుగా తండ్రీ కొడుకుల మధ్య మాటల్లేవు. ఇప్పుడు తండ్రి ప్రాణం మీదికొచ్చింది. కొడుకు రక్తం ఇస్తేనే బతుకుతాడు. కెప్టెన్ గాయపడి మంచంలో ఉన్నాడు. ఓడని వదిలి రానంటాడు కొడుకు. అప్పుడా తల్లి ఏం చేసిందో తెలుసా? చెంప ఛెళ్ళుమనిపించింది!

చెప్పండి, ఇది ఏ గ్రహం కథ? మన వీధిలో కథ కాదూ? ఇంజనీరింగు చదవమంటే సినిమాల్లోకి పోయిన కొడుకు, పంతం పట్టిన తండ్రి, మధ్యలో నలిగిపోయే తల్లి. చెవులు మొనదేలి ఉన్నంత మాత్రాన మనుషులు మారతారా? స్పాక్‌కి ఒక అమ్మనిచ్చింది ఫోంటానా. అప్పటినించీ అతను నాకు వింత జీవి కాదు, ఎవరింటి పిల్లాడో అనిపించాడు.

ఎంటర్‌ప్రైజ్‌లో ఊహురా పాత్ర వేసిన నిచెల్ నికల్స్ నల్లజాతి యువతి. తన పాత్రకి పెద్ద పనిలేదని మొదటి ఏడాది చివర మానేద్దామనుకుంది. అప్పుడు మార్టిన్ లూథర్ కింగ్ కలిసి, మానొద్దని ఆవిడకి నచ్చజెప్పాడు. నౌకలో ఆఫీసరుగా ఒక నల్లపిల్ల దర్జాగా కూర్చోవడం తమ పిల్లలు చూడాలని ఆయన తాపత్రయం. ఈ సంగతి ఆవిడే తరవాత చాలాసార్లు చెప్పింది. 1977లో నాసా వారు ఆడవాళ్ళనీ, నల్లవాళ్ళనీ వ్యోమగాములుగా రప్పించడానికి ఆవిడ సాయమే తీసుకున్నారు. చిన్నప్పుడు ఊహురాని చూసి మురిసిపోయిన మే జెమిసన్ 1992 సెప్టెంబరులో నిజంగానే అంతరిక్షానికి వెళ్ళింది. నల్లజాతి స్త్రీలలో మొదటి ఆవిడ. కాలక్షేపం అన్నారే, ఆ కాలక్షేపం చేసిన పని ఇది.

ఇక అభిమానుల సంగతి. రెండో ఏడాదిలోనే స్టార్ ట్రెక్‌ని ఆపేస్తారని వదంతి పుట్టింది. బిజో ట్రింబుల్ అనే గృహిణి, ఆవిడ భర్త కూర్చుని దేశమంతటా ఉత్తరాలు రాయించారు. అడగందే అమ్మయినా పెట్టదు కదా! లక్షకు పైగా ఉత్తరాలు ఎన్‌బీసీ గుమ్మంలో పడ్డాయి. 1968 మార్చిలో సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించక తప్పలేదు. మొత్తం 79 భాగాలు తీసి 1969లో ఆపేశారనుకోండి. కానీ పాతవి మళ్ళీ మళ్ళీ వేస్తుంటే అప్పుడు పట్టుకుంది అసలు పిచ్చి. 1976లో అమెరికా తన మొదటి స్పేస్ షటిల్‌కి అభిమానుల ఉత్తరాలకు తలొగ్గి 'ఎంటర్‌ప్రైజ్' అనే పేరు పెట్టింది.

ఉత్తరాలంటే మనవాళ్ళేం తక్కువ తిన్నారా? దానికి ముందు పెరూ దేశం వెళ్ళి రావాలి. 1969లో అక్కడ 'సింప్లెమెంటే మరియా' అనే సీరియల్ వచ్చింది. పల్లెనించి వచ్చిన పనిమనిషి మరియా రాత్రిబడిలో చదువుకుని, కుట్టుమిషను నేర్చుకుని పైకొచ్చిన కథ. అది చూసి ఎందరో పనిపిల్లలు కుట్టు నేర్చుకున్నారు, మిషన్ల అమ్మకాలు పెరిగాయి. కథలో మరియా పెళ్ళి చిత్రీకరిస్తుంటే లీమా నగరంలో చర్చి దగ్గరికి వేలమంది పెళ్ళిబట్టలతో వచ్చేశారు. ఇది గమనించిన మెక్సికో నిర్మాత మిగెల్ సబీదో, వయోజన విద్య కోసం ఒకటి, కుటుంబ నియంత్రణ కోసం ఒకటి సీరియళ్ళు తీశాడు. ఆ పద్ధతి మన ఢిల్లీ పెద్దలకి నచ్చింది. 1984 జూలై 7న దూరదర్శన్‌లో 'హమ్ లోగ్' అలా వచ్చింది.

అమెరికాలో సబ్బులైతే, మనకి మ్యాగీ నూడుల్స్ వాళ్ళు ఖర్చు పెట్టుకున్నారు. మనోహర్ శ్యామ్ జోషీ రాశాడు. మొదటి భాగాల్లో నీతులు మరీ ఎక్కువైపోయాయని జనం విసుక్కుంటే, కథని మనుషుల వైపు తిప్పారు. ఇర్నా ఫిలిప్స్ సూత్రమే! అప్పటినించీ హిందీ సగం సగం వచ్చిన మన ఇళ్ళల్లో కూడా అందరూ టీవీకి అతుక్కుపోయారు. చివర్లో అశోక్ కుమార్ వచ్చి రెండు మాటలు చెబితేగానీ కథ పూర్తయినట్టుండేది కాదు. నటులకీ, ఆయనకీ కలిపి 4 లక్షల దాకా ఉత్తరాలు వచ్చాయిట. 156 భాగాలు నడిచి 1985 డిసెంబరులో ముగిసింది.

అందులో ఒక తమాషా ఉంది. ఇల్లాలు భాగవంతి అన్నీ భరించే అమాయకురాలు. ఇలా ఉండకండమ్మా అని చెప్పడానికి పెట్టిన పాత్ర. కానీ ఎంతోమంది ప్రేక్షకులు ఆవిడనే ఆదర్శ గృహిణి అనుకున్నారని తరవాత పరిశోధకులు తేల్చారు. సీరియల్ చెప్పేదొకటి, మనం తీసుకునేదొకటి! అంచేత రాసేవాళ్ళకీ, చూసేవాళ్ళకీ కూడా బాధ్యత ఉందంటాను.

ఆ 1980లలోనే ఆదివారాలు దూరదర్శన్‌లో స్టార్ ట్రెక్ కూడా వచ్చేది. ఒకే పెట్టెలో, ఒకే ఇంట్లో, బసేసర్‌రామ్ తాగుడూ చూశాం, స్పాక్ తర్కమూ చూశాం. ఆ అలవాటు మనకి కొత్తది కాదు. యద్దనపూడి సులోచనారాణి నవల వారం వారం చదివి, 'సశేషం' దగ్గర నిట్టూర్చి, వచ్చే వారానికి రోజులు లెక్కపెట్టిన తరం మనది. సీరియల్ అనే మాట మన ఇళ్ళల్లోకి వచ్చింది పత్రిక ద్వారానే, టీవీ ద్వారా కాదు. తరవాత మంజులా నాయుడు 'ఋతురాగాలు', 'చక్రవాకం', 'మొగలిరేకులు' తీస్తే మన వాళ్ళు అన్నాలు వాయిదా వేసుకుని చూశారంటే, ఆ పునాది అప్పటిదే.

అభిమానిని గనక లోపాలు చెప్పే హక్కు కూడా నాకుంది. విషం కలిపే ఆడపడుచు, చాటునుంచి వినే తోడికోడలు, ఒక్క చెంపదెబ్బని మూడువైపులనించి మూడుసార్లు చూపించడం – ఇవి నాకు గిట్టవు. అలాగే ఎంతసేపూ పేలుళ్ళు, మెరుపులే గానీ ఒక్క మనిషి మొహమైనా గుర్తుండని అంతరిక్ష కథలూ గిట్టవు. రెండింటికీ వచ్చిన జబ్బు ఒకటే. సంఘటనలు ఎక్కువై మనిషి తప్పిపోయాడు. వంటింట్లో కాఫీ కప్పుల ముందు ఇర్నా కూర్చోబెట్టిన ఇద్దరు మనుషులూ, కొడుకు చెంప పగలగొట్టిన స్పాక్ తల్లీ ఒకే జాతి. ఆ జాతి ఉన్నంతకాలం కథ ఇంట్లో జరిగినా, నక్షత్రాల్లో జరిగినా చూస్తాను.

చివరిగా నా మనసులో ముల్లులా గుచ్చుకునే సంగతి ఒకటుంది. 1960లు, 70లలో బీబీసీ వాళ్ళు టేపులు ఖరీదని, జాగా లేదని, పాత కార్యక్రమాలు చెరిపేశారు. మళ్ళీ ఎవరు చూస్తార్లే అనుకున్నారు. డాక్టర్ హూ తొలి రోజుల భాగాలు ఎన్నో అలా పోయాయి. అమెరికాలో పగటిపూట వచ్చే ఆడవాళ్ళ నాటకాలకీ అదే గతి పట్టింది. కానీ డాక్టర్ హూ విషయంలో ఒక మేలు జరిగింది. కొందరు పిల్లలు టీవీ ముందు టేపురికార్డరు పెట్టుకుని మాటలు రికార్డు చేసుకున్నారు. పోయిన ప్రతి భాగానికీ ఇవాళ మాటలు మిగిలి ఉన్నాయంటే అది వాళ్ళ చలవే. కొన్ని బొమ్మలతో సహా ఎక్కడో నైజీరియాలో దొరికాయని 2013లో చెబితే, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు పొంగిపోయారు అభిమానులు.

అల్పమైనదని ముద్రవేసిన దాన్ని ఎవరూ దాచరు. దాచనిది పోతుంది. పోయాక, అసలు అలాంటిదొకటి ఉండేదా అంటారు. ఆడవాళ్ళు ఇష్టపడ్డవాటికీ, ఆడవాళ్ళు చేసినవాటికీ ఈ గండం ఎప్పుడూ ఉంది. డీలియా పేరు యాభయ్యేళ్ళు తెరమీద పడకపోవడమూ, డొరతీ పొడి అక్షరాల వెనక దాక్కోవడమూ అందులో భాగమే. కాబట్టి ఈసారి ఎవరైనా మీ సీరియల్‌ని చూసి నవ్వితే చిన్నబుచ్చుకోకండి. నచ్చితే ఎందుకు నచ్చిందో, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో గట్టిగా చెప్పండి, వీలైతే రాసి పంపండి. రాసింది ఎవరో, తీసింది ఎవరో ఆ పేర్లు చదివి గుర్తుపెట్టుకోండి. చివర్లో పేర్లు పడుతుండగానే టీవీ కట్టేసి లేచిపోవడం మనకి అలవాటు. ఒక్క నిమిషం కూర్చుందాం. వాళ్ళలో ఒక డీలియా ఉండొచ్చు.